మూడో దర్వాజ దాకా

మా అమ్మమ్మ లెక్కలో గడి అంటే మూడు దర్వాజలు. మొదటిది ఊరందరిదీ. అంబారీ కట్టిన ఏనుగు తల వంచకుండా పోయేంత ఎత్తు, తలుపు నిండా ఇనుప బొడిపెలు, ఆ తలుపులోనే మనిషి నడుం వంచి దూరే చిన్న తలుపు. రెండోది కచేరి సావిడిది. పిలుపొచ్చినవాళ్లు, పంచాయితీ ఉన్నవాళ్లు అక్కడిదాకా పోతారు. మూడోది దాటితే దొరసాని ఉండే లోపలిల్లు. "మూడో దర్వాజ దాకనే నాకెరుక బిడ్డా. ఆ అవతల ఏమున్నదో ఆడబాపలకే ఎరుక" అనేది. తొమ్మిదేళ్ల వయసులో వాళ్లమ్మ కొంగు పట్టుకుని గడికి పోయేది. గడి బట్టలుతికే ఇల్లు వాళ్లది. బట్టలతో పాటు దీపాలు, దీపాలతో పాటు ఇత్తడి సామాను.

జనగామ తాలూకాలో ఒక పల్లె అది. పేరు రాయను. ఆ ఇంటి వారసులు ఇప్పుడు మనలాగే అపార్ట్‌మెంట్లలో ఉంటున్నారు, లిఫ్టు పాడైతే మనలాగే తిట్టుకుంటున్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు.

ఈ సంగతంతా మళ్లీ తలకెక్కింది ఒక టీవీ సీరియల్ వల్ల. ‘డౌన్‌టన్ యాబీ’ అని, 2010 నుంచి 2015 దాకా వచ్చింది. ఇంగ్లండులో హైక్లియర్ కాజిల్ అనే నిజమైన ప్రభువుల ఇంట్లో తీశారు. మా ఇంట్లో పిల్లలు దాన్ని మొదటి నుంచీ పెట్టుకుని చూస్తూ కర్టెన్లు బాగున్నాయి, కుర్చీలు బాగున్నాయి అనుకుంటుంటే, నా కన్ను వెండి పళ్లెం పట్టుకుని గోడవారగా నిలబడ్డ నౌకరు దగ్గరే ఆగిపోయింది. ఆ పళ్లెం ఎవరు తోముతారో ఆ సీరియల్ చూపిస్తుంది. మన గడీల గురించి రాసేవాళ్లు మాత్రం దొర దౌర్జన్యం దగ్గర ఆగుతారు, లేకపోతే డంగు సున్నం గొప్పతనం దగ్గర ఆగుతారు. సామాను సంగతి, దాన్ని తోమిన చేతి సంగతి కలిపి చెప్పేవాళ్లు తక్కువ.

సరే, నేను చెబుతాను. అమ్మమ్మ చూసినంత వరకు ఆమె మాటగా, చూడనంత వరకు పుస్తకాల్లోంచి, సినిమాల్లోంచి.

వసూలుదారు ఇల్లు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు మనం చూసే గడీల్లో ఎక్కువ భాగం రాజులవి కావు, వసూలుదార్లవి. సాలార్‌జంగ్ 1853లో హైదరాబాద్ దివాన్ అయ్యేనాటికి శిస్తు వసూలు గుత్తేదార్ల చేతుల్లో ఉండేది. ఆయన గుత్తలు తీసేసి సర్కారు వసూలు పెట్టాడు. చేతిలో పని పోయిన దేశ్‌ముఖులకు, దేశ్‌పాండ్యాలకు తరతరాల రుసుములు ఇచ్చి ఊరుకోబెట్టాడు. భూములు కొలిచి పట్టాలు రాసే రోజుల్లో పాత కాగితాలు ఎవరి సందుగలో ఉన్నాయో వాళ్ల పేరునే మంచి భూములు ఎక్కాయి. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక వెంకట రామచంద్రారెడ్డికి 60 ఊళ్ల మీద పెత్తనం, 40 వేల ఎకరాల భూమి అని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క రాశారు. గడి గోడ ఎందుకంత మందమంటే జవాబు ఈ లెక్కలోనే ఉంది. లోపల ఉన్నది సంసారం ఒక్కటే కాదు, ఊళ్ల ధాన్యం, ఊళ్ల కాగితాలు.

గోడ సున్నపుది. సున్నం, ఇసుక గానుగలో వేసి ఎడ్లతో తిప్పించి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసి రోజుల తరబడి నూరిన సున్నం. అద్దంలా మెరిసేదాకా రాళ్లతో రుద్దేవాళ్లు. దూలాలకు, స్తంభాలకు టేకు కావాలంటే భూపాలపల్లి, మహదేవపూర్ వైపు గోదావరి అడవి ఉండనే ఉంది. కింద పరచడానికి షాబాదు బండలు. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది, ఆ వాడి పక్కనే షాబాదు. 1889కల్లా అదే దారి జనగామ, మానుకోట (ఇప్పటి మహబూబాబాద్)ల మీదుగా బెజవాడ చేరింది. అప్పటిదాకా పేడతో అలికిన సావిడికి బండలు దిగాయి, గోడకు గంటలు కొట్టే గడియారం దిగింది, ఆ వెనకే నిలువుటద్దాలు, గాజు హండీలు, రవివర్మ అచ్చు బొమ్మల లక్ష్మీ సరస్వతులు. మనం ఇంటీరియర్ డెకరేషన్ అంటున్నది ఈ పల్లెలకు గూడ్సు బండిలో వచ్చింది.

బొమ్మల మాటకొస్తే, భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర పాండవుల గుట్టలున్నాయి. ఆ కొండచరియల కింద ఎర్ర రంగుతో వేసిన దున్నలు, దుప్పులు చరిత్రకు ముందటివి. గడి సావిడిలో గోడకు బిగించిన దుప్పి కొమ్ముల్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ గుట్టే గుర్తొస్తుంది. వేటాడినవాడే బొమ్మ వేసుకున్న గోడ అది. ఇక్కడ వేటకు అడవి కొట్టిందీ, తప్పెట కొట్టిందీ వెట్టివాళ్లు, కొమ్ములు మాత్రం దొర నెత్తి మీద గోడకు.

సావిడిలో నిలబడ్డవాళ్లు

కచేరి సావిడి అమ్మమ్మకు కంఠతా వచ్చు. ఎత్తు అరుగు. అరుగు మీద వరంగల్లు జంపఖానా, దాని మీద తెల్ల దుప్పటి, ఆనుకోవడానికి రెండు బాలీసులు. వరంగల్లు నేత తివాచీలు 1851లో లండన్ ప్రదర్శనకు పోయాయి, ఆ సంగతి ఆమెకు తెలియదు. జంపఖానా దులిపితే ముక్కులోంచి మూడు రోజులు దుమ్ము వస్తుందని తెలుసు. పక్కన దొర పడక కుర్చీ. పైన దూలానికి గుడ్డ పంకా. పంకా తాడు గోడలో బొక్కలోంచి అవతలికి పోతుంది. అవతల వరండాలో ఒక పిల్లగాడు కూర్చుని గుంజుతుంటాడు. వాడికి దొర కనపడడు, దొరకు వాడు కనపడడు. తాడు ఆగితే మాత్రం ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుస్తుంది.

ఇంగ్లండు బంగళాలకు, మన గడీలకు అసలు తేడా నాకు ఇక్కడే కనిపించింది. అక్కడ ఇల్లు కట్టడంలోనే నౌకర్లు కంటపడకుండా ఏర్పాటు ఉంటుంది. వాళ్లకు వేరే మెట్లు, వేరే నడవాలు, కింది అంతస్తులో వంటిల్లు. గది గదికీ తీగ కట్టి కింద వరసగా గంటలు. యజమాని తీగ లాగితే ఏ గంట మోగిందో చూసి మనిషి పైకి పోవాలి, పని కాగానే మాయం కావాలి. గడిలో పంకా పిల్లగాడి లాంటి ఒకరిద్దర్ని తీసేస్తే వ్యవహారమంతా తిరగబడి ఉంటుంది. సుంకరి, మస్కూరి, జీతగాళ్లు, వెట్టికి వచ్చినవాళ్లు, పంచాయితీకి వచ్చినవాళ్లు, అందరూ అరుగు కింద కనపడాలి. తలగుడ్డ తీసి, చెప్పులు చేతపట్టి, నడుం వంచి. కొత్త దొర ఎవరైనా చుట్టపుచూపుగా వస్తే ముందుగా కళ్లబడేది గడియారం కాదు, హండీలు కాదు, ఆ వరస. ఎంతమంది ఉంటే అంత హోదా. సావిడికి దొర పెట్టుకున్న అలంకారాల్లో అన్నిటికన్నా ఖరీదైనది అదే. దానికి ఆయన పైసా ఇచ్చింది లేదు.

ఆ వరసలో మా ముత్తవ్వ కూడా ఉండేది. పొద్దు గూకకముందే లాంతరు గ్లాసులు ముగ్గుతో తుడిచి, వత్తులు కత్తిరించి, కిరసనాయిలు పోసి వరుసగా పెట్టాలి. శుక్రవారం ఇత్తడి. పెంబర్తి విశ్వబ్రాహ్మణులు చేసిన సామాను గడిలో ఒక గంపెడు ఉండేదట. అత్తరుదాన్లు, చెంబులు, పీక్‌దాన్, అన్నిటికన్నా ముఖ్యం దొరసాని పాన్‌దాన్. చిన్న గుమ్మడికాయంత గుండ్రటి పెట్టె, మూత మీద మొగ్గ. తెరిస్తే పై తట్టలో చిన్న గిన్నెలు, సున్నానికొకటి, కాసుకొకటి, వక్కలకు, లవంగాలకు, యాలకులకు తలొకటి. తట్ట ఎత్తితే అడుగున తడి ఎర్రగుడ్డలో తమలపాకులు. మూత మీద తీగలు, ఆకులు, ఆకు చాటున చిలుక. చిలుక రెక్కల సందుల్లో నల్లగా పేరుకున్నది పోవాలంటే చింతపండు గుజ్జు పట్టించి పుల్లతో గీకాలి.

"చింతపండు ఎవరిస్తరనుకున్నవ్? మా ఇంట్లకెల్లే కొంటవోవాలె" అనేది అమ్మమ్మ. వెట్టి గురించి నేను చదివిన పుస్తకాలన్నిటికన్నా ఈ ఒక్క ముక్కతో నాకు ఎక్కువ అర్థమైంది. పని ఊరికే చేయడం ఒక్కటే కాదు, పనికి కావలసిన సరుకు కూడా పనివాడిదే. కుమ్మరి కుండ, గొల్ల గొర్రె, చాకలి చింతపండు.

ఆ అవతల

మూడో దర్వాజ వెనక నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశం. తులసి కోట, నీళ్ల హౌజు, దేవుడి అర్ర, ధాన్యపు గుమ్ములు, పురుళ్ల గది. ఇత్తడి గొలుసుల ఉయ్యాల బల్ల, చెక్కుడు కోళ్ల పందిరి మంచం, పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన సందుగలు. దొరసానులకు ఘోషా ఉండేది. ఊరు దాటాలంటే చుట్టూ తెర కట్టిన సవారి కచ్చడం, లేకపోతే మేనా. అంత పెద్ద ఇంట్లో ఆమెకు దక్కిన ఆకాశం ఆ నడుమ చతురమే. దొరసాని బతుకు హాయి అనుకునేవాళ్లు ఆ ముక్క కూడా చూడాలి.

అయితే ఆమె మీద జాలిపడి ఊరుకుంటే ఆడబాప కనుమరుగవుతుంది. దొరబిడ్డ అత్తారింటికి పోతుంటే సారెతో పాటు పంపే పిల్ల ఆడబాప. సందుగ, మంచం, ఇత్తడి బిందెలు, ఆ పిల్ల, అన్నీ ఒకే జాబితాలో. దొరసానికి తల దువ్వాలి, కాళ్లు పిసకాలి, రాత్రి దొర పిలిస్తే పోవాలి. ఆమెకు పుట్టినవాళ్లకు గడిలో వాటా లేదు, ఊళ్లో పేరు లేదు.

ఈ లోపలింటిని అక్షరాల్లో పెట్టింది మానుకోట వైపు మనిషే. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో 1928లో పుట్టిన దాశరథి రంగాచార్య నవల ‘చిల్లర దేవుళ్లు’లో దేశ్‌ముఖు గడి, ఆ గడిలో ఆడబాప వనజ, ఆంధ్ర నుంచి వచ్చిన సంగీతం పంతులు సారంగపాణి ఉంటారు. పాట నేర్పడానికి వచ్చినవాడి కంటితో గడిని చూపించడం రంగాచార్య తెలివి. ఊరివాడికి అలవాటైపోయి కనిపించనివన్నీ పరాయివాడికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆయన అన్న కృష్ణమాచార్య గోడల చరిత్రకు ఇంకో అధ్యాయం కలిపారు. నిజామాబాద్ జైల్లో పళ్లు తోముకునే బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. అక్కడ ఆయన పక్కన ఖైదీగా ఉన్నది రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి.

తెర మీదికి వస్తే, బి.నర్సింగరావు ‘దాసి’ 1988లో వచ్చింది. దాసిగా అర్చన. జాతీయ స్థాయిలో 5 అవార్డులు తెచ్చుకుంది, అందులో ఒకటి కళా దర్శకత్వానికి. కళా దర్శకుడు చిత్రకారుడు తోట వైకుంఠం. సినిమా మళ్లీ చూడండి, ఈసారి కథ కోసం కాదు, సామాను కోసం. చెంబు ఎక్కడ పెట్టారు, మంచానికి ఏ వైపు దీపం ఉంది, దాసి ఏ గోడకు ఆనుకుని కూర్చుంటుంది. ఆమె ఎప్పుడూ నేల మీదే. కుర్చీ తుడుస్తుంది, కూర్చోదు. మాటలు తక్కువ ఉన్న ఆ సినిమాలో సగం కథను వస్తువులే చెబుతాయి.

1946, జూలై 4

జనగామ జిల్లా దేవరుప్పుల మండలం కడవెండిలో ఒక గడి. విసునూరు దేశ్‌ముఖ్ తల్లి జానమ్మ దొరసాని ఉండేది అందులోనే. దొరసాని అనగానే మూడో దర్వాజ వెనక ఉయ్యాల మీద కూర్చున్న మనిషి కళ్లముందుకు వస్తుంది కదా, ఈమె ఆ బాపతు కాదు. వసూళ్లు, శిక్షలు ఆమె చేతి మీదుగానే నడిచాయి. 1946 జూలై 4న దొరల మీద తిరగబడ్డ ఊరి సంఘం జనం ఊరేగింపుగా గడి ముందు నుంచి పోతుంటే లోపలి నుంచి గుండాలు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే పోయాడు. ఆయన అన్న మల్లయ్యకు గాయాలయ్యాయి. జనం చెదిరిపోలేదు, గడినే చుట్టుముట్టారు. బయటివాళ్లను లోపలికి రానీయకుండా కట్టిన గోడ ఆ పూట లోపలివాళ్లను బయటికి పోనీయలేదు.

అదే దొర మీద పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు పొలం పంట కోసం నిలబడింది. సంఘం వాళ్లు పంట కోసి, ధాన్యం ఆమె ఇంటికే చేర్చారు. ఐలమ్మ బట్టలుతికే ఇంటి మనిషి. గడిలో ఇత్తడి ఎంతుంటుందో, గుమ్ముల్లో గింజ ఎంతుంటుందో, ఆ గింజ ఎవరి కల్లం నుంచి వచ్చిందో ఆ ఇళ్లకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? ఇది చరిత్రకారులు చెప్పింది కాదు, మా అమ్మమ్మ మనవడిగా నా అనుమానం.

1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాడు, మరుసటేడు జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం, 1973లో భూపరిమితి. 1970ల చివర నుంచి నక్సలైట్ల భయంతో మిగిలిన దొరలూ పట్నం దారి పట్టారు. కొన్ని గడీలు బడులయ్యాయి, కొన్ని ఆఫీసులయ్యాయి. కొన్నిట్లో రావి మొలిచి గోడను రెండుగా చీల్చింది. చెక్కుడు దర్వాజలు, టేకు స్తంభాలు ఎవరో ఊడబెరుక్కుపోయారు. ఇవాళ వాటిని రిసార్టుల్లో, పాతకాలపు హంగున్న హోటళ్లలో చూస్తాం. వాటి పక్కన నిలబడి సెల్ఫీలు కూడా దిగుతాం.

ఇంగ్లండులోనూ అన్నీ నిలబడలేదు. అక్కడ కూలగొట్టిన ప్రభువుల ఇళ్ల మీద 1974లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ప్రదర్శనే పెట్టింది. లెక్క వెయ్యి దాటింది. మిగిలినవాటిలో కొన్ని నేషనల్ ట్రస్ట్ లాంటి సంస్థల చేతుల్లో టిక్కెట్టు ఇళ్లయ్యాయి. ఆ ట్రస్టే 2020లో, తన చేతిలోని 93 చోట్లకు బానిస వ్యాపారంతోనో వలస పాలనతోనో సంబంధం ఉందని నివేదిక వేసింది. అందమైన ఇల్లు చూడ్డానికి వస్తే ఈ గోల ఏమిటని అక్కడ చాలామందికి కోపం వచ్చింది.

ఆ లండన్ మ్యూజియంలోనే ఒక మంచం ఉంది. డేవిడ్ గారిక్ అని 18వ శతాబ్దపు పెద్ద నటుడు, థేమ్స్ ఒడ్డున ఆయన తోట బంగళాలోది. మంచం చుట్టూ వేలాడే పూల తెరలు మన మచిలీపట్నం అద్దకం గుడ్డ. కలకత్తా వర్తకులు ఆయనకు కానుకగా పంపారు. అలాంటి గుడ్డ దిగుమతి అప్పట్లో నిషేధం కాబట్టి 1775 ప్రాంతంలో సుంకం అధికారులు దాన్ని పట్టుకున్నారు కూడా. మంచం ఎవరిదో తెలుసు, కానుక ఎవరిచ్చారో తెలుసు. మైనంతో తీగలు గీసి, చిరివేరు ఎరుపు ఎక్కించి, ఏటి నీళ్లలో ఉతికి ఆరేసిన మనిషి పేరు ఏ చీటీ మీదా లేదు. దొరల ఇళ్ల సామాను ఏ దేశానిదైనా ఒకటే దస్తూరు.

మన గడీలను నిలబెట్టాలా, పడిపోనివ్వాలా అన్న వాదన అప్పుడప్పుడూ వస్తుంటుంది. రాజకీయ సభల్లో గడి ఇప్పటికీ తిట్టే కాబట్టి బాగుచేద్దామంటే ఎవరికో కోపం వస్తుంది. నన్నడిగితే ఒకటో రెండో నిలబెట్టాల్సిందే. అరుగు మీద జంపఖానా పరచండి, పంకా కట్టండి. తాడు గుంజే వరండాలోకి కూడా జనాన్ని పోనివ్వండి. ఆ బొక్క ఇవతలి నుంచి సావిడి ఎలా ఉంటుందో చూస్తారు. టిక్కెట్టు డబ్బులు ఎవరికి పోవాలన్నది ఆ ఊళ్లోనే తేల్చుకోవచ్చు.

పెంబర్తి మాత్రం బతికే ఉంది. జనగామ పక్కనే, హైదరాబాద్ దారిలో. 2010లో ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇత్తడి రేకు కత్తిరించి, నిప్పుల్లో కాల్చి చల్లార్చి మెత్తబరుస్తారు. దెబ్బ కాచుకోవడానికి కింద లక్క పోసి, గీత గీసి, సన్నటి ఉలులతో ఇటొకసారి అటొకసారి కొడతారు. బొమ్మ ఉబ్బి పైకి లేస్తుంది, లక్క కరిగించి తీసేస్తారు. ఇప్పుడు దొరల ఆర్డర్లు లేవు, జ్ఞాపికలు, గుడి తలుపుల తొడుగులు, హోటళ్ల గోడ పలకలు.

పదిహేనేళ్ల కింద అక్కడ ఒక పాన్‌దాన్ కొన్నాను. మూత మీద తీగలు, ఆకు చాటున చిలుక. అమ్మమ్మ అప్పటికి ఎనభైకి దగ్గర పడుతోంది. ఒళ్లో పెడితే అటూ ఇటూ తిప్పింది, మూత తీసింది, తట్ట ఎత్తి అడుగు చూసింది, చిలుక రెక్కల సందులో గోరు పెట్టి చూసింది.

"ఎంతకు తెచ్చినవ్?"

చెప్పాను.

"మంచిగనే ఉన్నది" అంది. మూత పెట్టి నా చేతికిచ్చింది. "మరి తోమెటోళ్లెవరు?"